సఫర్ అని అడిగితే లేదన్నాను

జ్వరం వచ్చిన మర్నాడు డాక్టరు నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. దానికి నేను అబద్ధం చెప్పాను. ఆ అబద్ధంతో నేను చావు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. నాకంటే మంచివాడొకడు వెనక్కి రాలేదు.

ఇదంతా జరిగి నాలుగు నెలలైంది. ఇప్పుడు మూడంతస్తుల మెట్లు మధ్యలో ఒక్కసారే ఆగి ఎక్కగలను. అన్నం సయిస్తోంది. చెవుల్లో హోరు తగ్గింది. పెన్ను పట్టుకుంటే వేళ్ళు వణకడం లేదు కాబట్టి రాస్తున్నాను. ఇది చదివినవాళ్ళలో ఒక్కరైనా ఆ ప్రశ్నకు నిజం చెబితే చాలు. రాస్తే నా మనసు తేలికపడుతుందన్న ఆశ మాత్రం లేదు.

ఏప్రిల్

మాది రావులపాలెం దగ్గర పల్లె. కువైట్ వచ్చి పందొమ్మిదేళ్ళు. షువైఖ్‌లో కార్ల విడిభాగాలమ్మే దుకాణంలో కౌంటరు చూస్తాను. మా కాపురం అబ్బాసియాలో. నా భార్య వరలక్ష్మి చిన్నపిల్లల బడిలో టీచరు. కూతురు హాసిని పదిలోకి వచ్చింది.

నాకు ఇద్దరు స్నేహితులుండేవారు. వేణుది మా గోదావరి వైపే, పెద్ద కంపెనీలో మేనేజరు. ఓబులేసుది రాయచోటి దగ్గర ఊరు, సల్వాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి బండ్లకు సామాన్లు కొనడానికి మా దుకాణానికి వచ్చేవాడు. అలా కలిశాం. చలికాలంలో సెలవు దొరికితే ముగ్గురం ఎడారిలోకి పోయి గుడారం వేసుకునేవాళ్ళం. ఇసుకలో దిగబడ్డ బండిని పైకి తేవడంలో, గాలికి ఆరిపోకుండా పొయ్యి వెలిగించడంలో ఓబులేసును మించినవాడు లేడు. అతను వండేవాడు, మేం తినేవాళ్ళం.

ఆఫ్రికా ఆలోచన వేణుది. జాంబియాలో బండి అద్దెకు తీసుకుని, పల్లెల మీదుగా మలావి సరస్సు దాకా పోయి రావాలి. హోటళ్ళు లేవు, బండి పైనే గుడారం. పద్దెనిమిది రోజులు. ఓబులేసు మొదట ఒప్పుకోలేదు. రెండేళ్ళకోసారి దొరికే రెండు నెలల సెలవు అతనిది. అందులోంచి పద్దెనిమిది రోజులు మాకిస్తే భార్యాబిడ్డలకు ఏం చెప్పాలని అడిగాడు. నేనే బతిమాలాను. "నువ్వు రాకపోతే బండి ఎవరు తోల్తారయ్యా" అన్నాను. ఆ మాటలోనే ఉంది మా స్నేహం సంగతంతా. అతనికి అర్థమయ్యే ఉంటుంది. అయినా నవ్వి, సరే అన్నాడు.

వేణు తన ఆఫీసులో, రాజమండ్రిలో వాళ్ళ నాన్న ఆసుపత్రిలో ఉన్నాడని చెప్పి సెలవు పెట్టాడు. వాళ్ళ నాన్నకు ఏ జబ్బూ లేదు. ఆ అబద్ధాన్ని విమానంలో చెప్పుకుని నవ్వుకున్నాం.

బయలుదేరే ముందు వరలక్ష్మి వాకబు చేసి నాకు మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు కొంది. రోజుకొకటి, తిరిగొచ్చాక కూడా వారం రోజులు. జాంబియా రాజధాని లుసాకాలో దిగిన మొదటి ఉదయం నేను మాత్ర వేసుకుంటుంటే ఓబులేసు చూశాడు.

"ఏం మాత్రన్నా అది?"

చెప్పాను. తన దగ్గర లేవన్నాడు, అట్లాంటివి ఉంటాయనే తెలియదన్నాడు. నా దగ్గరున్న వాటిలో సగం లెక్కపెట్టి అతని చేతిలో పెట్టాను. అప్పుడు నా గుండె ఎంత ఉప్పొంగిందో నాకు గుర్తుంది. ఉన్నదాంట్లో సగం పంచడమంటే స్నేహమే కదా అనుకున్నాను. సగం మందు ఇద్దరికీ చాలదని ఆలోచించలేదు. వేణు పక్కనే కూర్చుని కాఫీ తాగుతూ ఇదంతా చూశాడు, ఏమీ అనలేదు.

ప్రయాణం బాగుండలేదని చెప్పను. వానలు అప్పుడే వెనకపట్టు పట్టాయి. ఎర్రమట్టి రోడ్డుకి రెండు పక్కలా మనిషెత్తు గడ్డి. ఆడవాళ్ళు దారి పక్కన బేసిన్లలో పుట్టగొడుగులు, ఎండుచేపలు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. ఒకచోట బండి బురదలో ఇరుసు దాకా కూరుకుపోతే ఊరు ఊరంతా వచ్చి నెట్టింది. ఓబులేసు వాళ్ళ భాష ఒక్క ముక్క రాకుండానే వాళ్ళతో గంటసేపు నవ్వుతూ మాట్లాడాడు. అక్కడే పొయ్యి పెట్టి ఉగ్గాని చేసి పిల్లలందరికీ ఆకుల్లో పెట్టాడు. బొరుగులు కువైట్ నుంచి మోసుకొచ్చాడు.

బండి పైనున్న గుడారంలో ఇద్దరికే చోటు. వేణూ నేనూ అందులో పడుకునేవాళ్ళం. ఓబులేసు కింద చిన్న గుడారంలో. దాని జిప్పు మూడో రోజే తెగిపోయింది. పిన్నీసులు పెట్టుకున్నాడు. సరస్సు ఒడ్డున సాయంత్రమైతే దోమలు ముసిరేవి. "మా ఊరి దోమల ముందర ఇవేం లెక్కన్నా" అనేవాడు. ఒక్క పూటైనా పైకొచ్చి పడుకోమని నేను అనలేదు. పన్నెండో రోజుకి ఇద్దరి మాత్రలూ అయిపోయాయి.

తిరుగు ప్రయాణంలో లుసాకా నుంచే అతను ఇండియాకు వెళ్ళాడు. మేమిద్దరం కువైట్ వచ్చేశాం.

మే మొదటి వారం

వచ్చిన పన్నెండో రోజు, బయట తారు మెత్తబడే ఎండలో, దుకాణంలో నాకు చలి పుట్టింది. ఏసీ ఆపేశాను. అయినా పళ్ళు టకటకలాడాయి. ఇంటికొచ్చి రెండు దుప్పట్లు కప్పుకున్నా ఎముకల్లోంచి చలి. గంట తర్వాత ఒళ్ళు పెనంలా కాలింది. నడుం విరిగినట్టు నొప్పి.

వేణుకి ఫోన్ చేశాను. ఆఫీసు కాగానే నేరుగా మా ఇంటికొచ్చాడు. దానిమ్మపళ్ళు తెచ్చాడు. వరలక్ష్మి వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి, మంచం మీద కూర్చున్నాడు.

"శీను, ఆసుపత్రిలో ఆఫ్రికా సంగతి ఎత్తకురా."

"ఎత్తకపోతే ఎలా? అదే అయ్యుంటే?"

"అదే అని తేలితే ఎక్కడికెళ్ళావు, ఎవరితో వెళ్ళావు అని రాసుకుంటారు. నా పేరొస్తది. ఆఫీసుకి తెలిస్తే నా పని ఖలాస్. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కొట్టేసి ఇండియా విమానం ఎక్కిస్తారు. పిల్లల చదువు మధ్యలో ఉంది. రెండు రోజులు చూడు. తగ్గకపోతే అప్పుడు చెబుదువుగాని. నువ్వు మాత్రలు కూడా వేసుకున్నావు కదా."

సగమే వేసుకున్నానని అతనికి తెలుసు. అతనికి తెలుసని నాకూ తెలుసు. "ఎవరికీ చెప్పకు, ఓబులేసుకి కూడా. వాడు ఎవరితో పడితే వాళ్ళతో వాగుతాడు" అన్నాడు. సరే అన్నాను.

మర్నాడు పొద్దున్నే మస్తౌసఫ్‌కి, అంటే మా ఏరియా ప్రభుత్వ క్లినిక్‌కి వెళ్ళాం. గోడ వారన ఇనుప కుర్చీలు, అన్నీ నిండాయి. సేఫ్టీ బూట్లతో వచ్చిన ఒక నేపాలీ మనిషి నా మొహం చూసి లేచి తన కుర్చీ ఇచ్చాడు. అతనికీ జ్వరమే, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెండు గంటలు గోడకానుకుని నిలబడ్డాడు. అతని పేరు కూడా అడగలేదు నేను.

డాక్టరు మంచివాడు. గొంతు చూశాడు, ఛాతీ విన్నాడు. తర్వాత తలెత్తి అడిగాడు.

"సఫర్?"

అరబ్బీలోనూ హిందీలోనూ ఒకే మాట. ప్రయాణం. అర్థం కాలేదని తప్పించుకోవడానికి కూడా లేదు.

"లేదు" అన్నాను.

వరలక్ష్మి నా వైపు తిరిగింది. నేను ఆమె చేతి మీద చెయ్యి వేసి నొక్కాను. ఆమె తల దించుకుంది. డాక్టరు ఫ్లూ అని రాసి, నీళ్ళు బాగా తాగమన్నాడు. ఆయన తప్పు ఇసుమంత కూడా లేదు. అడగాల్సింది అడిగాడు.

ఆ మధ్యాహ్నమే ఓబులేసు వీడియో కాల్ చేశాడు. అతని వెనకాల సున్నం వేసిన గోడ, దండెం మీద పిల్లల బట్టలు. భార్య రమణమ్మ కూడా ఫోన్లోకి తొంగిచూసి, "బాగుండావా అన్నా" అని అడిగింది.

"ఏందన్నా, మొకం అంత పీక్కపోయిండాది?" అన్నాడు ఓబులేసు.

"ఎండ దెబ్బలే."

"మజ్జిగలో ఉప్పేసుకోని తాగు. వదిన ఉండాది కదా, యాల నీకు దిగులు."

"నువ్వెలా ఉన్నావు?"

"నాకేమన్నా, గుండ్రాయి మాదిరి ఉండా."

నా నోటి దాకా వచ్చింది. జ్వరమేమైనా వస్తే రక్తం పరీక్ష చేయించుకో అని ఒక్క ముక్క. దానికి కారణం అడుగుతాడు, కారణం చెబితే మాట వేణు దాకా పోతుంది. పైగా అతను ఆరోగ్యంగా ఉండడం చూసి నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. పిన్నీసుల గుడారంలో పడుకున్నవాడికే ఏమీ కాలేదంటే నాది మామూలు జ్వరమే అనుకున్నాను. "సరే, తర్వాత మాట్లాడతా" అని పెట్టేశాను. అతని గొంతు వినడం అదే ఆఖరు.

నాలుగో రోజు

పొద్దున జ్వరం దిగింది. ఇడ్లీ తిన్నాను. తగ్గిపోయిందని వేణుకి మెసేజ్ పెట్టాను. బొటనవేలి బొమ్మ పంపాడు.

మధ్యాహ్నం హాసిని బడి నుంచి వచ్చేసరికి నేను సోఫాలో కూర్చుని, దాన్ని ఎవరు నువ్వని అడిగానట. తర్వాత, ఎప్పుడో చనిపోయిన మా అక్క పేరుతో పిలిచానట. నాకేదీ గుర్తులేదు. నాకు తెలిసిందల్లా గది నిండా ఎర్రమట్టి నీళ్ళు వస్తున్నాయని, కాళ్ళు పైకి పెట్టుకోవాలని. కింది అంతస్తులో ఉండే మలయాళీ టాక్సీ డ్రైవరు నన్ను భుజాన వేసుకుని మెట్లు దింపి ఫర్వానియా ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడ ఎవరూ అడక్కముందే వరలక్ష్మి చెప్పేసింది. "ఈయన ఆఫ్రికా వెళ్ళొచ్చారు. మొన్న క్లినిక్‌లో అడిగితే అబద్ధం చెప్పాం."

చెప్పాం అంది. చెప్పారు అనలేదు. ఈ సంగతి నాకు ఆమె చెప్పలేదు, పక్కనున్న హాసిని చెప్పింది.

గంటలో రక్తంలో మలేరియా దొరికింది. మెదడుకి పాకింది, మూత్రపిండాలు మొరాయించాయి. ఐసీయూలో మూడు రోజులు తెలివి లేదు. ఆ మూడు రోజులూ వరలక్ష్మి కారిడార్‌లో కూర్చుంది. ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. కొడుకు కోసం వచ్చిన ఒక ఈజిప్టు పెద్దావిడ తన నమాజు చాపను రెండుగా మడిచి వరలక్ష్మిని కూర్చోబెట్టి, ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చేదట. ఒకరి భాష ఒకరికి రాదు. మూడో రోజు ఆ పెద్దావిడ కొడుకు పోయాడు. వెళ్తూ వెళ్తూ చాపను వదిలేసి వెళ్ళింది.

వేణు ఆసుపత్రికి రాలేదు. వరలక్ష్మే ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, ఓబులేసు గారికి ఇప్పుడే చెప్పండి. జ్వరం వచ్చినా రాకపోయినా పరీక్ష చేయించుకోమనండి."

"నేను చూసుకుంటానమ్మా" అన్నాడట. తర్వాత, "అక్కడ నా పేరేమైనా రాశారా?" అని అడిగాడట.

మే మూడో వారం

తెలివి వచ్చేసరికి మెడలో గొట్టం ఉంది. మూడుసార్లు రక్తం శుద్ధి చేశారు. అది ఎక్కడిదో చెప్పలేని చలి, లోపల ఒంటిని ఎవరో కడిగేస్తున్నట్టు. కొట్టాయం నర్సు ఒకామె తన టీ విరామంలో కూర్చుని నాకు గడ్డం గీసింది. "భార్య చూసి భయపడకూడదు కదా" అంది. నేల తుడిచే బంగ్లాదేశ్ మనిషి రోజూ నా కాళ్ళ దగ్గర ఆగి, దుప్పటి సర్ది, తలూపి పోయేవాడు. వీళ్ళెవరికీ నేను ఏమీ కాను.

వార్డుకి మార్చాక ఓబులేసు గురించి అడిగాను. వరలక్ష్మి నారింజ తొనల పీచు తీస్తోంది. తల ఎత్తలేదు.

"పోయారండి."

నాతో మాట్లాడిన రెండో రోజుకి అతనికి జ్వరం వచ్చిందట. ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు సూదులు వేశాడు. ఎండాకాలం విషజ్వరాలు అనుకున్నారు, ఎక్కడికెళ్ళొచ్చావని ఎవరూ అడగలేదు. ఫిట్స్ వచ్చాక తిరుపతి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టర్లు మలేరియా అని పట్టుకునేసరికి చెయ్యడానికేమీ మిగల్లేదు. నాకు తెలివి వచ్చి రెండు రోజులైన తర్వాత పోయాడు. ఐసీయూలో నర్సు నాకు గంజి తాగిస్తున్న పూట.

ఆ నారింజ తొన నేను తిన్నాను. ఎందుకు తిన్నానో తెలియదు. ఆకలేసింది.

జూన్

ఇంటికొచ్చాక వేణు వచ్చాడు, భార్యతో. ఓబులేసుకి చెప్పావా అని అడిగాను.

"మెసేజ్ పెట్టానురా. ఒక టిక్కే పడింది. వాడు ఇక్కడి నంబరు అక్కడ వాడట్లేదని నాకేం తెలుసు?"

ఫోన్ తీసి చూపించాడు. నిజంగానే ఉంది. 'ఓబులేసూ, వీలైతే ఫోన్ చెయ్' అని. మలేరియా అన్న మాట లేదు, జ్వరమన్న మాట లేదు. ఇండియా నంబరు నా ఫోన్లో ఉంది, ఆ ఫోన్ వరలక్ష్మి సంచిలోనే ఉంది. అతను అడగలేదు. ఆమె అతని మాట నమ్మింది.

వేణు భార్య పాపం ఏమీ తెలియక, "మీరు మాత్రలు సరిగ్గా వేసుకోలేదా అన్నయ్యగారూ? మా ఆయన వచ్చాక కూడా వారం రోజులూ మర్చిపోకుండా వేసుకున్నారు" అంది.

నేను వేణు వైపు చూశాను. "అప్పుడు నీ దగ్గర మాత్రల డబ్బా ఉందా?"

"ఉంటే? ముగ్గురికీ ఎలా సరిపోతాయిరా" అన్నాడు.

లుసాకా టౌన్లో మందుల దుకాణాలున్నాయి. మేం వాటి ముందు నుంచే బండి తోలుకుంటూ పోయాం. కాఫీ తాగుతూ, నేను మాత్రలు లెక్కపెట్టడం చూస్తూ, 'అలా చెయ్యకు, ఇంకో డబ్బా కొందాం' అని ఒక్క మాట అంటే సరిపోయేది. వరలక్ష్మి లేచి తలుపు తీసి పట్టుకుంది. వాళ్ళు వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. అతని ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఆసుపత్రిలో ఎవరూ ఏ పేరూ అడగలేదు.

కాస్త నడవగలిగాక సల్వా వెళ్ళి ఓబులేసు గదిలో అతని సామాను సర్దాను. ఆ ఇంటి పెద్దావిడ, అతను అరబ్బీలో మామా, అంటే అమ్మా, అని పిలిచే మనిషి, గుమ్మంలో నిలబడి ఏడ్చింది. ఆఫ్రికా పోతున్నానని ఆమెతో కూడా చెప్పలేదట. "చెబితే పోనిచ్చేదాన్నా" అంది వచ్చీరాని హిందీలో. ఆమెకు మొహం చూపించలేక మంచం కింద వెతుకుతున్నట్టు వంగి కూర్చున్నాను.

ఒకరోజు హాసిని అడిగింది. "నాన్నా, వేణు అంకుల్ చెప్పొద్దంటే నువ్వెందుకు సరే అన్నావు?"

దానికి జవాబు ఇక్కడ చెబుతాను. వేణు మేనేజరు. నేను కౌంటరు వెనక నిలబడేవాణ్ణి. అలాంటివాడు నన్ను 'ఏరా' అని పిలవడం నాకు గొప్ప. ఆ పిలుపు పోతుందని భయపడ్డాను. ఓబులేసు నన్ను 'అన్నా' అనేవాడు. అది పోతుందన్న భయం నాకు ఏనాడూ లేదు.

ఇప్పుడు

కిడ్నీలు కోలుకున్నాయన్నారు. నెలకోసారి పరీక్షలు. ఇంట్లో మాటలు తక్కువ. వరలక్ష్మి మందులు టైముకిస్తుంది, అన్నం పెడుతుంది. క్లినిక్‌లో తన చెయ్యి నొక్కిన సంగతి ఎత్తదు.

అటువైపు దేశాలకు వెళ్ళొచ్చినవాళ్ళకు చెప్పేది ఒకటే. నెల, రెండు నెలల తర్వాత జ్వరం వచ్చినా సరే, డాక్టరు అడక్కముందే మొదటి మాటగా ఆ సంగతి చెప్పండి. మీతో వచ్చినవాళ్ళకు ఆ రోజే ఫోన్ చేసి చెప్పండి. ఎవరి ఉద్యోగం పోయినా పోనివ్వండి. మాత్రలు పంచుకోకండి.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం రమణమ్మ ఫోన్ చేసింది. అతను పోయాక నాతో మాట్లాడడం అదే మొదలు. గొంతు మామూలుగానే ఉంది.

"అన్నా, ఒక మాట అడగల్ల. తిరుపతిలో డాక్టరు, నాలుగు దినాలు ముందొచ్చింటే బతుకుతాడమ్మా అన్న్యాడు. ఆ పొద్దు నువ్వు ఫోన్లో మాట్లాడితివే, నీకు అప్పటికే జరమా?"

"జ్వరమేనమ్మా."

"ఇదేమో అని అనుమానం ఉండిందా?"

"ఉండింది."

 ఆమె వెనకాల ఎవరో పిల్లవాడు ఎక్కాలు చదువుతున్నాడు.

"ఎవరన్నా చెప్పొద్దన్న్యారా?"

వేణు పేరు నాలుక మీదకొచ్చింది. చెబితే సగం బరువు దిగేది. ఆమె అడిగింది నన్ను.

"నేనే చెప్పలేదమ్మా."

"సరే అన్నా. ఇంగ నాకు ఫోన్ చెయ్యొద్దు, నేనూ చెయ్యను" అని పెట్టేసింది.

వరలక్ష్మి మంచం అవతలి పక్క బట్టలు మడతపెడుతోంది. నా వైపు మాటలన్నీ విన్నట్టుంది.

"చెప్పేశారా?" అంది.

"చెప్పాను."

ఆమె చేతిలోని చొక్కాను మడిచి బీరువాలో పెట్టింది.

"ఇప్పుడా" అంది.